అమెరికా నెత్తురు

అమెరికాలో, రోలా అనే ఊళ్ళో మా అల్లుడు ఫోన్‌లో పాతకాలపు అమెరికా వస్తాదు కుస్తీ చూస్తున్నాడు. ఆ వస్తాదు నుదుటినిండా నెత్తురు.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నా చిన్నప్పుడు అలాంటి దొర వస్తాదే ఒకడు కాకినాడ వచ్చాడు. మొదటిరోజు ఓడాడు, మర్నాడు గెలిచాడు. రెండురోజులూ టిక్కెట్లు మాత్రం బాగా తెగాయి! వాడి నెత్తురంటిన జేబురుమాలుని నాన్నగారు కర్పూరం వేసి ట్రంకుపెట్టెలో దాచారు.

నెల్లాళ్ళకి అది తీసి చూశాను. "నాన్నగారూ, ఎండిన నెత్తురు నల్లబడాలి కదా? ఇదింకా ఎర్రగా ఉందేం?"

ఆయన గబుక్కున లాక్కుని మడతపెట్టారు. "అమెరికా నెత్తురమ్మా, అంతే."

ఆ ముఖం చూశాక ఇంక అడగలేకపోయాను. బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది అదే మొదటిసారి.

"ఇది నిజం నెత్తురేనంటారా అత్తయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"అమెరికా నెత్తురు బాబూ, అనుమానమెందుకు?" అన్నాను.