గీతలు ఎక్కడిదాకా

అక్క పోయిన రెండు నెలలకు, ఆమె దుకాణం ఉన్న మల్గి ఓనరు మేడ మీది నుంచి దిగి వచ్చారు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పాత పుస్తకాలు కొని అమ్మే దుకాణం అక్కది. ముప్ఫై ఏళ్లకు పైగా ఒక్కతే నడిపింది. ఆయన షటరు దాటి లోపలికి రాలేదు. మెట్టు మీదే నిలబడి అడిగారు.

"తొందరపెడుతున్న అనుకోకమ్మా. కర్రీ పాయింట్ పెడతనని ఒకాయన రోజు ఫోన్ చేస్తుండు. నువ్వు నడుపుతవా, ఖాళీ చేస్తవా? దసరా లోపల చెప్పు, చాలు."

చెప్తానన్నాను. ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు. నేను నారాయణగూడలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. పుస్తకాలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం వచ్చు. అమ్మడం రాదు. అక్క ఉన్నప్పుడు సాయంత్రాలు చిక్కడపల్లి నుంచి నడిచి వచ్చి, ఆమె పక్కన కూర్చుని నా పుస్తకం నేను చదువుకునేదాన్ని. ఆమె ఎవరికి ఏం ఇస్తోందో తలెత్తి చూసింది తక్కువ. ఆమె పోయాక నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. పక్కనే కూర్చున్నాను, కానీ ఆమె రోజంతా ఏం చేసేదో నాకు తెలియదు.

హాస్టళ్లు నిండుగానే ఉన్నాయి. పిల్లలు ఫోన్ చూసుకుంటూ దుకాణం ముందు నుంచే నడిచి వెళ్తున్నారు. దుకాణం ఆ ఫోన్‌లో కనిపిస్తే తప్ప నడవదనిపించింది. బషీర్‌బాగ్‌లో వెబ్‌సైట్లు చేసే ఆఫీసు ఒకటుందని తెలిసి వెళ్లాను. అక్కడి మనిషి మర్యాదగా కుర్చీ వేసి, కంప్యూటర్‌లో ఒక వెబ్‌సైట్ చూపించాడు.

"ఇది చీరల షాపుకు చేసినం మేడం. చీరలు తీసేసి బుక్స్ పెడితే అయిపోతది. వారంల రెడీ."

"ఒకే పుస్తకం పది పాత కాపీలుంటే?"

"ఒక ఫోటో పెట్టి, పక్కకు పది అని రాస్తం."

"పదీ ఒక్క తీరుగ ఉండవు కద."

"జర నీట్‌గ చేసుకోండి మేడం. పాతగ కనిపిస్తే ఎవరు కొంటరు?"

ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను. చీరల వెబ్‌సైట్ నచ్చలేదు గానీ, నీట్‌గా చేసుకోవాలన్న మాట మాత్రం నాలో దిగిపోయింది. లైబ్రరీలో పుస్తకం పెన్సిల్ గీతలతో తిరిగివస్తే తిట్టుకుంటూ తుడవడం నాకు ఉద్యోగం పొడుగునా అలవాటు. అక్క దుకాణంలో గీతలు లేని పుస్తకం అరుదు. మర్నాడు రబ్బరు కొనుక్కొచ్చి స్టూలు మీద కూర్చున్నాను. నాలుగు రోజుల్లో మూడు వరసలు తుడిచాను. రెండు నెలల్లో నా చేతులకు దొరికిన మొదటి పని అది. అందుకే ఆపబుద్ధి కాలేదు.

అయిదో రోజు ఒక అమ్మాయి పుస్తకాల మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. ముప్ఫై ఏళ్లుంటాయి. అక్క లేదని అప్పటికే ఎవరో చెప్పారట. మూట ముడి విప్పబోయి ఆగింది. తర్వాత నా చేతిలో రబ్బరు చూసింది.

"ఏం చేస్తున్నరు?"

"గీతలు తుడుస్తున్న. ఫోటోలు తియ్యాలె."

"అయ్యో! ఆ గీతల కోసమే కద మేం ఇక్కడికొచ్చేది. కొత్త పుస్తకం ఎక్కడన్న దొరుకుతది. ఇంత లావు పుస్తకంల ఏది చదవాలె, ఏది ఇడిసిపెట్టాలె ఎవరు చెప్తరు? ముందు చదివినోళ్ల గీతలే చెప్తయి."

ఆమె నా చేతిలో పుస్తకం తీసుకుని చివరి పేజీ తిప్పింది. కింది మూల వేలితో తడిమింది.

"ఇక్కడ ఒక అక్షరం ఉండాలె. అది గూడ తుడిచిన్రా?"

ఉండేదని, దుకాణాల వాళ్లు పెట్టుకునే గుర్తేదో అనుకున్నానని చెప్పాను.

"అక్క రాసేది. ఎవరన్న పుస్తకం వాపసు తెస్తే మొత్తం తిరగేసి, గీతలు ఎక్కడిదాక ఉన్నయో చూసేది. 'పూ' అంటె పూర్తిగ చదివిండ్రు. 'స' అంటె సగం. 'మొ' అంటె మొదట్లనే ఆపేసిండ్రు. కొత్తగ వచ్చినోళ్లకు ఎప్పుడు 'పూ' ఉన్నదే ఇచ్చేది. ఎందుకక్కా అంటె, చివరిదాక పోయినోళ్ల ఎంబడి పో అనేది."

ఒంటి అక్షరాలు కాబట్టి చేతిరాత గుర్తుపట్టలేదు. లేకపోతే పట్టేదాన్ని. అక్క రాసి పోయినవి, మూడు వరసల మేర, నా చేత్తో తుడిచేశాను. ఆ అమ్మాయి నా ముఖం చూసింది. రబ్బరు తీసుకుని తన సంచిలో వేసుకుంది.

"ఇది నా దగ్గర ఉండనియ్యిండ్రి. మీరు అక్క చెల్లెలు కద? అయితే మాకు చిన్నక్క."

ఆమెది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. ఇక్కడ హాస్టల్లో ఉండి గ్రూప్స్ మూడుసార్లు రాసింది. ఇక చాలనుకుని వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుంది. ఒక పంటి డాక్టరుకు, ఒక క్యాటరింగ్ ఆయనకు చేసిందట. నేను బషీర్‌బాగ్ సంగతి చెప్పాను.

"చీరల షాపుదా? అయితే పుస్తకంతోని బ్లౌజ్ పీస్ గూడ ఇస్తరా?" అంది.

అక్క పోయాక ఆ దుకాణంలో నేను నవ్వడం అదే మొదలు. నువ్వు చేస్తావా అని అడిగాను.

"చేస్త. కాని ముందు మూడు రోజులు ఇక్కడ కూసుంట. ఎవరు ఏమడుగుతరో చూడనిదే నేను మొదలుపెట్టను."

లేచి వెళ్తూ తన మూట వైపు చూపించింది. "నావన్ని 'స' చిన్నక్కా. మొహమాటపడకుండ రాసేయ్."

మూడు రోజులు నోట్‌బుక్కు పట్టుకుని మూల కూర్చుంది. వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా రచయిత పేరు అడగలేదు. "పాలిటీల గీతలున్నది ఉందా?" "ఉద్యోగం వచ్చినోళ్లది ఏమన్న ఉందా అక్కా?" ఇలాగే అడిగారు. మూడో రోజు వచ్చిన ఒకతను మాత్రం గీతలు వద్దన్నాడు.

"వేరేటోళ్ల గీతలు చూస్తె నాకు పరేషాన్ అయితది. వాళ్లు ఇంత చదివిండ్రు, నేనేం చదవలేదు అనిపిస్తది."

నేను తుడిచిన వాటిలో ఒకటి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "భలే ఉంది, ఎవరు ముట్టనట్టే ఉంది" అన్నాడు. మూలనున్న ఆమె నోట్‌బుక్కు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ఆమె కాగితం మీద గీసి చూపించిన మొదటి నమూనాలో కూడా ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీయే ఉంది. అప్పుడు నాకు తెలిసిన ఒకే సంగతి చెప్పాను. లైబ్రరీలో ఒకే పుస్తకం అయిదు కాపీలు కొంటే అయిదు నంబర్లు వేస్తాం. పుస్తకం ఒకటే, కాపీలు అయిదు. ఏది ఎవరి దగ్గరికి వెళ్లింది, ఎలా తిరిగొచ్చింది, దేనికది వేరు.

ఆమె కాసేపు కాగితం వైపు చూసి, దాన్ని మడిచి పక్కన పెట్టింది. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా? మొత్తం మళ్ల చెయ్యాలె."

"చెయ్యి మరి."

"చెయ్యి అంటవు, నోటితోని అయితదా?"

చేసింది. ఆమె గది చిక్కడపల్లిలో ఒక టైలరు షాపు పైన. పొద్దున్నే అక్కడికి వెళ్లి ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఈసారి తలెత్తి చూస్తూనే కూర్చున్నాను. ప్రతి కాపీకి ఒక నంబరు, దాని సొంత పేజీ, లోపలి పుటల ఫోటోలు మూడు, గీతలు ఎక్కడిదాకా ఉన్నాయో చెప్పే ఒక వాక్యం. నేను పాడుచేసిన వాటికి "గీతలు తుడిచినవి" అని రాయమన్నాను.

"ఎవరు తుడిచిన్రో గూడ రాద్దామా?"

"వద్దు."

ఆ వాక్యం కోసం దుకాణంలో మిగిలిన ప్రతి పుస్తకాన్నీ మొదటి నుంచి చివరి దాకా తిరగేయాల్సి వచ్చింది. అక్షరం చూసి రాసేయవచ్చు, కానీ అక్క చూసినవి నేనూ చూడాలనుకున్నాను. చాలా పుస్తకాల్లో గీతలు మొదటి అధ్యాయంలో దట్టంగా ఉండి మూడో అధ్యాయానికి ఆగిపోతాయి. కొన్నింట్లో నడుమ చాలా పేజీలు ఖాళీగా ఉండి, మళ్లీ వేరే పెన్సిల్‌తో మొదలవుతాయి. ఆ ఖాళీలో ఊరికి వెళ్లి వచ్చారో, జ్వరపడి లేచారో. ఒక మార్జిన్‌లో "ఇది మళ్లీ మర్చిపోయిన" అని ఉంది. దాని కిందే, వేరే రోజు కాబోలు, "ఇప్పుడు గుర్తుంది". అక్క రోజంతా చేసింది ఈ పనే. ఎవరు ఎక్కడిదాకా వెళ్లగలిగారో చూస్తూ కూర్చునేది.

దసరాకు పది రోజుల ముందు వెబ్‌సైట్ తెరిచాం. మూడు రోజులు ఏమీ జరగలేదు. నేను ఓనరుకు చెప్పాల్సిన మాటలు మనసులో కూడబెట్టుకోవడం మొదలుపెట్టాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆదిలాబాద్ వైపు నుంచి ఎవరో ఆడమనిషి. వెనక చిన్నపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"అక్కా, నేను అశోక్‌నగర్‌ల ఆరు నెలలున్న. పాప పుట్టినంక ఇంటికాడనే చదువుతున్న. మీ దాంట్ల తెలంగాణ చరిత్ర, నంబరు నలభై ఒకటి చూసిన. ఆ గీతలు గీసినామెకు ఉద్యోగం వచ్చిందా?"

ఆ పుస్తకం నాకు గుర్తుంది. సన్నటి గీతలు, పక్కన గుండ్రటి అక్షరాలు. వచ్చిందని చెప్తే కొంటుంది.

"నాకు తెల్వదమ్మా," అన్నాను. "కాని చివరిదాక చదివింది. ఆఖరి అధ్యాయంల గూడ గీతలున్నయి."

అవతల పాపను ఊరుకోబెట్టడం వినిపించింది.

"చివరిదాకనైతె చదివింది కద. గదే చాలక్కా. పంపుండ్రి. పాలిటీల గూడ గసొంటిది ఉంటె చూడండ్రి."

చూసి పెట్టాను. ఆ వారంలో ఇంకా అలాంటి ఫోన్లు వచ్చాయి, చాలా కాదు. నిజామాబాద్ నుంచి ఒకరు, వనపర్తి నుంచి ఇద్దరు. అందరూ మార్జిన్లలో ఏం రాసి ఉందో చదివి వినిపించమన్నారు. చదివాను.

దసరాకు రెండు రోజుల ముందు మేడ మెట్లెక్కాను. ఓనరు పేపరు మడిచి, కళ్లద్దాలు తీసి, నడుపుతానని నేను చెప్పింది విన్నారు.

"సంతోషమే. కాని ఇంటర్‌నెట్‌ల పెట్టినవు కద, ఇగ మల్గి దేనికి? ఇంట్ల కూసోనే అమ్ముకోవచ్చు."

ఆ ప్రశ్న నేనూ వేసుకున్నదే. "కొనేటోళ్లు ఎక్కడి నుంచన్న కొంటరండి. చదివినంక వాపసు తెచ్చి ఇచ్చెటోళ్లకు తలుపు ఉండాలె కద. ఉద్యోగం వచ్చినోళ్లు సంతోషంగ ఎక్కడన్న ఇస్తరు. రానోళ్లు తెస్తరు చూడండి, వాళ్లు కాసేపు కూసుంటరు."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. అద్దె అగ్రిమెంటు ఎన్నేళ్లకు రాయించాలో అడిగారు. అయిదేళ్లకన్నాను. నాకు అరవై రెండు. ఆ సంఖ్య నా నోటి నుంచి రావడం నాకే ఆశ్చర్యం వేసింది.

"సరే," అన్నారాయన. "కర్రీ పాయింట్ ఆయనకు మాత్రం నువ్వే చెప్పుకోవాలె. నాకు మొహమాటం."

ఫోన్ నంబరు రాసిచ్చారు. మెట్లు దిగుతూనే ఫోన్ చేశాను.