పప్పు బకెట్లో పిస్టల్

మా ఆయన ఒక నాయకుడికి గన్‌మన్. కొత్తగా ఇచ్చిన పిస్టల్ తోలు ఒర బిరుసుగా ఉండి, కూర్చుంటే నడుం కోసుకుపోతోందని గోలపెట్టేవారు. చీరాలలో జాకెట్లు కుట్టే నేను, పిస్టల్‌ను బిగించే పట్టీ తీసేసి మెత్తటి ఎలాస్టిక్ వేశాను.

"అబ్బ, ఎంత హాయిగా ఉందే!" అని మురిసిపోయారు.

మర్నాడు మార్టూరులో పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర నాయకుడు ఏదో చెబుతుంటే వినడానికి ఆయన వంగారు. ఎలాస్టిక్ సాగి, పిస్టల్ జారి పక్కనున్న పప్పు బకెట్లో పడింది.

"అమ్మో, పేలుద్ది!" అని ఎవరో అరిచారు. బంతి మొత్తం లేచి పరుగెత్తింది. అందరికంటే ముందు నాయకుడే. మా ఆయన గరిటెతో పిస్టల్ పైకి తీశారు. కదలకుండా కూర్చున్న ముసలమ్మ ఒక్కతే, "పేలకపోతే ఇటు కాస్త పప్పెయ్యి నాయనా" అంది.

దేవుడి దయవల్ల ఉద్యోగం నిలిచింది. పెళ్లిలో పప్పు బకెట్ కనిపిస్తే మాత్రం ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.