ఏం పాపం చేశాడండీ మా నాన్న?

మా చిన్నతనంలో శనివారం సాయంత్రమైతే చాలు... నాన్న చీపురు పట్టుకుని చర్చికి బయలుదేరేవాడు. వారమంతా కడియం నర్సరీలో మొక్కల కుండీలు మోసి మోసి అలిసిపోయిన మనిషి. అయినా చర్చి ఊడ్చి, చాపలు దులిపి పరిచి వస్తేగానీ అన్నం ముట్టేవాడు కాదు. అందుకు జీతం లేదు, పదవీ లేదు.

"దేవుడి ఇల్లు మురిగ్గా ఉంటే నాకు తోచదే" అనేవాడు అమ్మతో.

అలాంటి నాన్న కాలు మీదికి లారీ ఎక్కింది.

మొక్కలు లోడు చేస్తుంటే, డ్రైవరు చూసుకోకుండా బండి వెనక్కి తెచ్చాడు. నర్సరీ రైతుగారు తన కారులోనే రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కానీ మోకాలి కింద నుంచి కాలు తీసేయక తప్పలేదు...

నాకప్పుడు పదేళ్ళు. ఇంటికి తెచ్చాక నాన్న నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. ప్రార్థన మానేశాడు. అమ్మ ఒక్కతే నర్సరీకి వెళ్ళి, సంచుల్లో ఎర్రమట్టి నింపి, సాయంత్రానికి నడుం పట్టుకుని వచ్చేది.

ఒకరోజు మా సంఘపెద్ద కృపారావు మాస్టారు వచ్చారు. పేటలో ఆయన మాటకు ఎదురు లేదు. అమ్మ ఎంతో సంబరంగా కుర్చీ తుడిచి వేసింది, టీ పెట్టింది. ఆయన ఓదారుస్తారనుకుంది పిచ్చి తల్లి...

టీ తాగి, గ్లాసు కింద పెట్టి ఆయన అన్నారు:

"చూడమ్మా సువార్తా... దేవుడు ఊరికే కొట్టడు. ఈ ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ సంఘం ముందు ఒప్పుకోండి."

మంచం మీద నాన్న దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఏడుస్తున్నాడని దుప్పటి కదలడం చూస్తే తెలిసింది.

మా అమ్మ ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడి ఎరగదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"ఏం పాపం చేశాడండీ మా ఆయన? మీకు తెలిస్తే చెప్పండి, ఇప్పుడే ఒప్పుకుంటాడు."

"అది మీకే తెలియాలి..."

"మాకు తెలియదండి. మరి ప్రభువు ఏ పాపం చేశాడని ఆయన్ని సిలువకి మేకులేసి కొట్టారండి?"

మాస్టారి ముఖం నల్లబడిపోయింది. "ఆడదానివి... నువ్వా నాకు వాక్యం చెప్పేది!" అంటూ విసురుగా లేచి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత చూడాలి మా వాళ్ళ తీరు! చర్చి స్త్రీల సమాజంలో అమ్మను పాట పాడమనడం మానేశారు. ఆమె చాప మీద కూర్చుంటే పక్కవాళ్ళు జరిగి కూర్చునేవారు. నాన్న ఊడ్చిన నేల మీదే కూర్చుని, నాన్న పాపం గురించి గుసగుసలు... తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

అయినా అమ్మ ఒక్క ఆదివారం మానలేదు. తెల్లారకుండానే లేచి, పొయ్యి ముందు కూర్చుని పైకే ప్రార్థన చేసేది. అది మామూలు ప్రార్థన కాదు... పోట్లాట!

"నువ్వు చేసింది నాకు నచ్చలేదు ప్రభువా. నచ్చలేదని నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? నాకు జవాబు కావాలి."

రోజూ అదే మాట. మంచం మీద నుంచి నాన్న వింటూ ఉండేవాడు.

కొన్ని నెలలకు, ఒక ఆదివారం పొద్దున్న, నాన్న తనంతట తానే లేచి కూర్చున్నాడు.

"నా తెల్లచొక్కా తియ్యవే. నేనూ వస్తాను. నేనూ అడగాల్సినవి ఉన్నాయి ఆయన్ని."

చంకకర్రల మీద నాన్న, పక్కన అమ్మ, వెనకాల నేను... చర్చికి వెళ్ళాం. చాప మీద కూర్చోలేక నాన్న ఆరాధన అయ్యేదాకా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ముందు వరసలో పెద్దల కుర్చీల్లో కొన్ని ఖాళీగానే ఉన్నాయి. ఒక్కరంటే ఒక్కరు కూడా ఒక కుర్చీ ఇటు జరపలేదు! ఆ వారం నుంచి నాన్న మళ్ళీ మానలేదు.

రెండేళ్ళ తర్వాత కృపారావు మాస్టారి పెద్దబ్బాయి హైవే మీద మోటారుసైకిలు ప్రమాదంలో పోయాడు. చేతికి అందివచ్చిన కొడుకు... మా పేట ఊరుకుంటుందా? "ఏం పాపమో..." అని అదే గుసగుస మళ్ళీ మొదలైంది. ఈసారి ఆయన గురించి.

నిజం చెప్పొద్దూ, నాకు 'బాగా అయ్యింది' అనిపించింది. అమ్మ మాత్రం కబురు వినగానే చేతి మట్టి కడుక్కుని వాళ్ళింటికి వెళ్ళిపోయింది. మాస్టారి భార్య పక్కన కింద కూర్చుంది. పొద్దుగూకేదాకా ఒక్క మాట మాట్లాడలేదట. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదట.

ఇంటికి రాగానే నేను విరుచుకుపడ్డాను. "అన్ని మాటలన్నాడు కదా, ఎందుకెళ్ళావ్?"

"మీ నాన్న కాలు పోయినప్పుడు మనింటికి ఎవరన్నా వచ్చి, నోరు మూసుకుని నా పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది అమ్మడూ. ఎవరూ రాలేదు. ఆవిడకి అలా కాకూడదు."

నాన్న ఇప్పుడు లేడు. పోయేముందు ఒకసారి అడిగాను... "దేవుడు జవాబు చెప్పాడా నాన్నా?" అని. నవ్వాడు. "ఇంకా లేదే. నేను అడగడం మానలేదు, ఆయన వినడం మానలేదు" అన్నాడు.

మొన్న మా సంఘంలో ఒక నాలుగేళ్ళ పాపకు పెద్ద జబ్బు చేసింది. వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి "విశ్వాసం తగ్గిన ఇంటికే వ్యాధి" అని పెట్టాడు. కింద వరసగా ఆమెన్లు! నేను ఆ పాప ఉన్న ఆసుపత్రి, వార్డు నంబరు రాసి, "ఒకసారి వెళ్ళి చూసి రండి" అన్నాను. అంతే... నన్ను గ్రూపులోంచి తీసేశారు.

మా చిన్నప్పుడు తీర్పు చెప్పడానికైనా గడప దాకా వచ్చేవారు. ఎదురుగా ఉన్నారు కాబట్టే అమ్మ వాళ్ళ ముఖం మీదే అడగగలిగింది. ఇప్పుడు ఆ పనికి ఫోను మీద ఒక వేలు చాలు...

మీ ఇంటికి కష్టం వచ్చినప్పుడు కారణాలు వెతక్కుండా వచ్చి, ఊరికే మీ పక్కన కూర్చున్న మనిషి ఎవరండీ? ఆ ఒక్కరి గురించి రాయండి... చదవాలనుంది.