గుమ్మం మీది వాగ్దానం

“చెయ్యి తియ్ సారూ. అది దేవుని వాక్యం. రేకుతోని గీకనీకి గోడ మీద పేడ గాదు.”

కేదార్ స్టూలు మీదే ఆగిపోయాడు. కింద స్టూలు కాళ్ళు పట్టుకున్నది యేసుమణే. ఆమె వదిలేస్తే అతను పడతాడని ఇద్దరికీ తెలుసు. అందుకే వాదన మర్యాదగా నడుస్తోంది.

పంజాగుట్టలో సెల్‌ఫోన్ దుకాణాల వెనక నక్కిన ఆ బంగళా ఒకప్పుడు ఊరి బయటి తోట ఇల్లు. ఎవరో జాగీర్దారు ఎండాకాలం గుర్రబ్బండి కట్టించుకుని పాతబస్తీ నుంచి గాలి మార్పుకి వచ్చేవాడట. మూరెడు మందాన డంగుసున్నం గోడలు, చుట్టూ కమానుల వరండా, వేడిగాలి బయటికి పోవడానికి కప్పు కింద చిన్న చిన్న కిటికీలు. మైత్రీవనం కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకునే కేదార్‌కి ఈ సంగతులు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆదివారాలు పాత ఇళ్ళ వెంట తిరిగి తిరిగి, కనపడినవాళ్ళనల్లా అడిగి నేర్చుకున్నాడు.

వారసులు కోర్టులో కొట్టుకుంటున్నారు. ఇంట్లో ఉండేది కాపలాకి పెట్టిన సత్యరాజు, అతని భార్య యేసుమణి. కాపురానికి వచ్చింది మొదలు ఆమెకు ఇదే ఇల్లు. రేపు పాత కట్టడాల కమిటీ వస్తోంది. పాతదని తేలితే ఇల్లు నిలుస్తుంది. లేదంటే స్థలం మీద కన్నేసిన బిల్డరు కూలగొడతాడు, వీళ్ళు మూటాముల్లే సర్దుకోవాలి.

చిక్కల్లా ఇల్లు పాతదానిలా లేకపోవడమే. ప్రతి క్రిస్మస్‌కీ యేసుమణి దాన్ని కొత్తది చేస్తూ వచ్చింది. కమానులకి గులాబీ రంగు, స్తంభాలకి నీలం. గచ్చు పువ్వుల్లో పావురాలు గూళ్ళు పెడుతున్నాయని వాటి సందుల్లో సిమెంటు కూరించింది. అది చూసి బిల్డరు, ఇది మొన్న మొన్న కట్టిన ఫంక్షన్ హాలని అందరితో చెబుతున్నాడు.

గుమ్మం మీద, ఇల్లు కట్టిన సంవత్సరం ఉర్దూ అంకెల్లో ఉండేదని చెప్పింది యేసుమణే. ఇప్పుడది కనపడదు. కొత్త సంవత్సరం ఆరాధనలో చర్చి ఇచ్చే వాగ్దాన వచనాన్ని ఆమె ఏటా అక్కడే రాయిస్తుంది. నిరుటి వచనం మీద రంగు, రంగు మీద కొత్త వచనం.

“ఈ యేడాది వచ్చిన వాగ్దానం ఏందో తెల్సా? ఇల్లు కదలదని. దాన్నే గీకితే ఇల్లెట్ల నిలుస్తది? లెక్కల సారువి గదా, చెప్పు.”

లెక్కల సారు సాయం కోసం వరండా వైపు చూశాడు. వరండాలో పేపరు చదువుకుంటున్న సత్యరాజు, డిసెంబరు ఆఖర్న ఎట్లాగూ నువ్వే దాని మీద రంగేయిస్తవు గదా అన్నాడు. గడువు తీరినంక వేయడం వేరు, నడుమల పీకడం వేరు, కిరాయికున్నోళ్ళను సుత నెల నిండకుండ వెళ్ళగొట్టరు అంది యేసుమణి. వెళ్ళగొట్టడమన్న మాట తనకే తగిలినట్టుంది, సరే గీకమంది. మొగుణ్ణి స్టూలు పట్టుకోమని లోపలికెళ్ళి, చర్చికి కట్టుకునే తెల్లచీర తెచ్చి గుమ్మం కింద పరిచింది. వాక్యం నేల మీద పడకూడదు. అదొక్కటే షరతు.

నీలం పెచ్చులు రాలాయి. దాని కింద మూడు నాలుగేళ్ళ పొరలు పోయాక ఆకుపచ్చ.

“ఇది కరోనా యేడాదిది. ఈయన దవాఖాన నుంచి నడ్సుకుంట ఇంటికొచ్చిండు.”

దాని కింద పసుపు, కూతురు సెరీనాకి నౌకరి వచ్చిన ఏడు. ఇంకా కింద ఎరుపు. అది చూసి యేసుమణి నవ్వింది. ఇంట్లో సంతానం విస్తరిస్తుందని వాగ్దానమట, ఆ ఏడు మేక ఒక్కటే ఈనిందట. కేదార్ గీకడం మానేసి వినడం మొదలుపెట్టాడు.

“సారూ, ఒక్కో రంగు కాడ గిట్ల ఆగితే, కమిటోళ్ళు గాదు, ఏసయ్యనే రెండోసారి వచ్చేస్తడు” అన్నాడు సత్యరాజు.

చివరికి తెల్లటి గచ్చు తగిలింది. నెలవంక, అందులో ఉబ్బెత్తు అంకెలు. హిజ్రీ పదమూడు వందల రెండు. కేదార్ వేళ్ళ మీద లెక్కేసి, నూట నలభై ఏళ్ళ ఇల్లండీ, ఇక కమిటీ కాదనలేదు అన్నాడు. సత్యరాజు స్టూలు వదిలేసి చూడబోయాడు. కేదార్ గుమ్మం పట్టుకుని బతికాడు.

యేసుమణి మాత్రం చీరలోని పెచ్చుల్ని మూటగట్టి, చంటిపిల్లలా చంకన పెట్టుకుంది. ఆమె మొహంలో ఇంకా నిమ్మళం లేదు.

“సారూ, అమీర్‌పేట చర్చిల అయ్యగారు ఇప్పుడుంటరు. నడిమిట్ల గీకిన వాగ్దానం ఇంకా నడుస్తదా, ఖతమైనట్టా, జర అడిగి రా. నా పేరు చెప్పకు, తిడ్తడు. నువ్వే గీకినవని చెప్పు. చర్చికొచ్చెటోడివి గాదు గదా, నిన్నేమనడు.”