ఎదురుకాళ్ళ మహిమ

నలభై ఏళ్ళు దాటేదాకా నాలో ఏ ప్రత్యేకతా లేదు. షోళింగనల్లూరులో ఆఫీసు, పక్కనే అపార్టుమెంటు. లిఫ్టులో ఎదురైనవాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు కూడా కాదు. పెరంబూరు నుంచి అమ్మ వచ్చి నాలుగు రోజులుంది. అంతే, నా కాలికి మహిమ వచ్చింది.

మా అపార్టుమెంటు సెక్రటరీకి నడుం పట్టేసింది. పార్కింగ్ దగ్గర ఆయనకూ నాకూ ఎప్పుడూ పడదు. ఆయన గోడ పట్టుకుని వంకరగా నడవడం చూసి అమ్మ ఆగింది. మావాడు ఎదురుకాళ్ళతో పుట్టాడు, వాడు తంతే నడుం పట్టు ఇట్టే పోతుందని తమిళంలో గడగడా చెప్పేసింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదే?" అన్నాను తెలుగులో.

"నువ్వెప్పుడు అడిగినావు?"

ఈలోగా ఆ మహానుభావుడు వరండాలో బోర్లా పడుకోనే పడుకున్నాడు. మొదటి తన్ను మెల్లగానే తన్నాను. రెండోదానికి పార్కింగ్ గుర్తొచ్చింది. కెవ్వుమని లేచాడు, నిటారుగా! తంతే గారెల బుట్టలో పడ్డాడంటారే, ఇక్కడ తన్నినవాడికే దక్కాయి గారెలు. సాయంత్రం వాళ్ళావిడ గిన్నెడు పంపింది.

ఆ తర్వాత ఆదివారం వస్తే మా గుమ్మం ముందు వరసే. అందరూ కుర్చీల్లో కూర్చుని నడుములు పాడుచేసుకున్న కంప్యూటరు జనం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, నేను ఎవర్నీ కాదనలేదు. పైగా కాలికి కొబ్బరినూనె రాసి పెంచుకోసాగాను.

అమ్మ కాశీ వెళ్ళాల్సిన రోజు వచ్చింది. సాగనంపడానికి నేను పెరంబూరు వెళ్ళాను. అక్కడి కార్ఖానాలో బతుకంతా రైలు పెట్టెలు చేసిన నాన్న, అమ్మను ఒక్క దూరపు రైలూ ఎక్కించకుండానే పోయాడు. ఇప్పుడు పాత క్వార్టర్స్ స్నేహితురాళ్ళతో బయల్దేరుతోంది. సరిగ్గా మధ్యాహ్నం, సంచి ఎత్తబోయి "అమ్మా!" అని చాప మీద కూలబడింది. నడుం పట్టేసింది.

"చూస్తావేందిరా? తన్ను."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఊరందర్నీ తన్నినవాణ్ణి, కన్నతల్లి మీద కాలెత్తడమా? డాక్టరు దగ్గరికి పోదామన్నాను, మందు రాస్తానన్నాను. నా వల్ల కాదే, పాపం తగులుతుందని ఏడ్చినంత పని చేశాను.

అమ్మకు ఒళ్ళు మండింది. "నన్ను తన్నుకుంటానే కదరా బయటికొచ్చినావు! ఆ పొద్దు లేని పాపం ఇప్పుడొచ్చిందా? రైలు పోతాది, సుమ్మా ఊరికే ఒక్కటి తన్ను!"

కళ్ళు మూసుకుని, లెంపలేసుకుని తన్నాను. మహిమో, కాశీ మీది ఆశో, అమ్మ మెల్లగా లేచి కూర్చుంది. తర్వాత నిలబడింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. క్షమించమని ఆమె పాదాల మీదికి వంగాను.

కలుక్కుమంది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

"అమ్మా, నడుం..."

అమ్మ సంచి భుజానికి తగిలించుకుని, నా తల నిమిరింది.

"నేను తలతో పుట్టినదాన్ని నాయనా, నా వల్ల కాదు," అంది. "ఆటో వచ్చేసింది. జాగ్రత్తగా ఉండు."