అక్కకు చెప్పని కోడు

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, ఒక్క మాట. "రాలేదక్కా" అన్నాను. అంతే. ఆ రోజు నుంచి అక్క ఇంట్లో అన్నం పెడితే ఏదో ఒక వంక చెప్పి లేచిపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను.

పుత్తూరు దగ్గర మా అక్క వాళ్ల ఊరు. బావ మామిడి తోటల్లో కూలికి వెళ్లేవాడు. ఎండాకాలం వస్తే మాత్రం ద్రౌపది అయిపోయేవాడు. మా వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఆడతారు, అందులో ఆడవేషాలు కూడా మగవాళ్లే కడతారు. బావ చీర కట్టి, జుట్టు విరబోసుకుని, కౌరవ సభలో నిలబడి పద్యం ఎత్తుకుంటే, చాపల మీద కూర్చున్న ముసలమ్మలు కొంగులు కళ్లకు అద్దుకునేవాళ్లు. ఆయన మా బావ అని చెప్పుకోవడం నాకెంత గర్వంగా ఉండేదో. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ ఆటలన్నీ అక్క తన ఫోనులో పట్టేది. ఫోను నిండిపోతోందని ఆమె బాధపడుతుంటే నేనే ఒక వీడియో సైటులో ఆమె పేరున ఛానెల్ తెరిచి ఇచ్చాను. ఖాతా నిర్ధారించడానికి సైటు ఒక ఫోను నంబరు అడిగింది. రీఛార్జి చేయించక అక్క నంబరు అప్పుడప్పుడూ ఆగిపోయేది. అందుకని నా నంబరు ఇచ్చాను. ఇందులో పెట్టాక ఇక ఎక్కడికీ పోవు, ఫోనులోంచి తీసెయ్యమని చెప్పింది కూడా నేనే. చదువుకున్న తమ్ముడు చెప్పాడు కదా. ఎక్కించిన వీడియో ఎక్కించినట్టే ఆమె ఫోనులోంచి చెరిపేస్తూ వచ్చింది.

తర్వాత ఒక మామిడి కోతల కాలంలో, తోటలోనే, గుండె ఆగి బావ పోయాడు.

ఇక అక్కకు ఆ ఛానెలే దిక్కు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్కన ఫోను పెట్టుకుని వినేది. పద్యాల కంటే ఆమెకు ఇష్టమైనది ఒకటుంది. వేషం కట్టుకునే చోట తీసిన వీడియో. పద్యం మొదలయ్యే ముందు బావ అద్దంలో చూసుకుంటూ అక్కతో, "మేయ్, ఆ పిన్ను ఇట్లియ్యి" అంటాడు. అది ద్రౌపది గొంతు కాదు, అక్క మొగుడి గొంతు. ఆ చిన్న ముక్కనే వెనక్కి జరుపుకుని మళ్లీ మళ్లీ వినేది.

ఆ రోజుల్లోనే నాకు తిరుపతిలో ఒక పాటల కంపెనీలో ఉద్యోగం దొరికింది. భక్తి పాటలు, హరికథలు, పద్యాలు, పాత క్యాసెట్ల హక్కులన్నీ వాళ్లవి. వాటిలో దేన్నైనా ఇంకెవరైనా ఆ వీడియో సైటులో పెడితే, పాటలు పోల్చి చూసే సైటు యంత్రం పట్టుకుంటుంది. యంత్రం తప్పు పట్టొచ్చు కాబట్టి ఒక మనిషి విని, ఇది మనదే అనో, మనది కాదు వదిలెయ్యమనో తేల్చాలి. ఆ మనిషిని నేను.

ఒక పొద్దున తెరిచిన జాబితాలో అక్క వీడియోలు వరసగా కనిపించాయి.

బావకు పద్యం నేర్పిన గురువు ఎప్పుడో మా కంపెనీకి ఒక క్యాసెట్ పాడి ఇచ్చి, కాలం చేశాడు. బావ ఆయన దగ్గరే రాగం తీయడం నేర్చుకున్నాడు. గురువు ఎక్కడ ఊపిరి ఆపేవాడో బావ కూడా అక్కడే ఆపేవాడు. యంత్రం విని, రెండూ ఒకటే పాట అంది. బావ బతికుండి ఈ సంగతి వింటే ఊరంతా చెప్పుకుని మురిసిపోయేవాడు.

నాకు తెలియదా? ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. పిన్ను అడిగిన మాట కూడా విన్నాను. అది క్యాసెట్ కాదని, బావ గొంతని, మా కంపెనీకి దాని మీద ఏ హక్కూ లేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? వదిలెయ్యమని నొక్కితే అయిపోయేది. నొక్కలేదు. అన్నిటికీ మనదే అని నొక్కాను. అలాంటివి మూడు పడితే ఛానెల్ మొత్తం పోతుందని తెలిసే నొక్కాను.

ఎందుకు? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. నాకు ముందు ఆ కుర్చీలో ఉన్నతను స్నేహితుడి వీడియోను వదిలేశాడని తెలిసి యజమాని అతన్ని ఆ సాయంత్రమే పంపేశాడు. నేను వదిలితే ఆరా తీస్తాడేమో, ఆ ఛానెల్ నా నంబరు మీద ఉందని బయటపడుతుందేమో, ఉద్యోగం పోతే అప్పుడే తిరుపతి బడిలో చేర్చిన నా కూతుర్ని వెనక్కి తీసుకెళ్లాలేమో అని భయపడ్డాను. తర్వాత నిదానంగా సరిచేద్దాంలే అనీ అనుకున్నాను. ఇవన్నీ నిజాలే. కానీ యజమాని ఆ జాబితా చూడనేలేదు. ఒక్క మాట అడగలేదు. అడుగుతాడేమోనన్న ఊహకే నేను అక్క సొత్తు ఇచ్చేశాను.

ఛానెల్ పోయింది. సరిచేసుకునే దారి ఇంకా ఉంది. అప్పీలు పెట్టాలంటే ఛానెల్ తనదేనని రుజువు చేసుకోవాలి, దానికి సైటు నమోదైన నంబరుకు ఒక కోడు పంపుతుంది. అక్క పుత్తూరులో మొబైల్ షాపుకు పోయి అక్కడి నుంచి నాకు ఫోను చేసింది.

"అబ్బోడా, ఈడ షాపులో ఉండాను. ఆయప్ప ఏందో నొక్కినాడు. నీ ఫోనుకు నంబరు వస్తాదంట. వచ్చినాదా సూడు సామీ."

కోడు వచ్చింది. ఆమె మాట్లాడుతుండగానే నా కళ్ల ముందు పడింది. చెబితే అప్పీలు నేరుగా మా కంపెనీకి వస్తుంది. ఈ వీడియోలు మనవేనని ఎవరు నొక్కారని అడుగుతారు.

"రాలేదక్కా."

"ఇంగోసారి సూడప్పా. మీ బావయి అన్నీ దాంట్లోనే ఉండాయి."

"చూశానక్కా. రాలేదు."

షాపులో ఎవరిదో ఫోను మోగుతోంది. తర్వాత అక్కే నన్ను ఓదార్చింది. "పోనీలే అబ్బోడా, నువ్వేం సేస్తావు. నీ సేతిలో ఉంటే సెయ్యకుండా ఉంటావా."

అప్పీలు గడువు దాటిపోయింది. ఆ తర్వాత సైటు వాళ్లకు నేను రహస్యంగా ఎన్ని వినతులు పంపినా ఏమీ తిరిగి రాలేదు. ఉద్యోగం మాత్రం నిలబడింది. మంచి పేరు కూడా వచ్చింది. ఆ పేరు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఈ ఎండాకాలం అక్కను చూడటానికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని ఫోను చెవికి ఆనించుకుని ఉంది. నన్ను చూడగానే ఆమె మొహం వెలిగింది. ఎన్నాళ్లకు చూశానో ఆ వెలుగు.

"సూడప్పా, మీ బావ పద్యం దొరికినాది. షాపాయప్ప ఎతికి పెట్టినాడు."

ఫోను నా చేతికిచ్చింది. మా కంపెనీ ఛానెల్. బావ గురువు పాడిన క్యాసెట్. నేను కాపాడిన పాట.

"ఆయన గొంతే గదా? నాకు రానురాను గుర్తు తప్పుతా ఉండాది. నువ్వు సెప్పు."

గొంతులు గుర్తుపట్టడమే నా పని. జీతం తీసుకునేది అందుకే. యంత్రం ఈ రెండు గొంతులూ ఒకటేనంటే, కాదని తెలిసీ అవునన్నాను. అక్క అడిగితే మళ్లీ అవునన్నాను.

"బావదేనక్కా."

ఆమె ఫోను తీసుకుని మళ్లీ చెవికి ఆనించుకుంది. కళ్లు మూసుకుని వింటోంది. నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగే నెపంతో చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆమెకు చెప్పగలనా? చెబితే ఉన్న ఆ కాస్తా లాక్కున్నట్టవుతుంది. చెప్పకపోతే పరాయి గొంతును మొగుడి గొంతనుకుంటూ బతుకుతుంది. ఏది తక్కువ పాపమో నాకు తేలడం లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలోది కాదు. అది బావ గొంతు కాదు. బావ గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు. దాన్ని పోగొట్టింది నేను. ఇన్నేళ్లూ ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇవాళ రాశాను.