జనరేటర్ల అప్పల్రాజు మేస్త్రి గారు

అక్కడున్నవి: ఫ్రీజర్ పెట్టె ఒకటి, ప్లాస్టిక్ కుర్చీలు ఇరవై, పూలదండలు తొమ్మిది, పెట్రోలు జనరేటరు ఒకటి. అక్కడున్నవారు: మేస్త్రి గారి భార్య పైడమ్మ గారు, మల్కాపురంలో వాళ్ల వీధి వీధంతా, ఆయన దగ్గర పని నేర్చిన శిష్యులం ముగ్గురం: రమణ, ఖాదర్, నేను. పెట్టెలో మా గురువు అప్పల్రాజు మేస్త్రి గారు. లేనిది కరెంటు. ఇంకా రానిది, రాయ్‌పూర్‌లో నర్సుగా పనిచేసే ఆయన ఏకైక పుత్రిక సుజాత.

ముందు రోజు సాయంత్రం టీ తాగి, గ్లాసు కింద పెట్టి, దుకాణంలో కుర్చీలోనే ఒరిగిపోయారని ఫోను వచ్చినప్పుడు నేను నమ్మలేదు. బల్ల మీద ఒక కార్బురేటరు సగం విప్పి ఉంది. సగం పని వదిలేసి లేచే మనిషి కాదాయన.

డిప్లొమా చేతబట్టుకుని ఆయన దగ్గర చేరిన మొదటి నెలలో, జనరేటరు స్టార్ట్ కాకపోతే ఏ వరుసలో ఏం చూడాలో ముప్పై రెండు అంశాలతో ఒక పట్టిక తయారుచేసి, లామినేషన్ చేయించి గోడకు తగిలించాను. మేస్త్రి గారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "బాగుంది నాయనా. మరి, మిసను ముందు కూకుని, దాని యజమానిని నాలుగు మాటలు అడుగు అని ఎక్కడా లేదేటి?" అన్నారు. మర్నాటి నుంచి ఆ పట్టికతో విసురుకునేవారు. లామినేషన్ వల్ల గాలి బాగా వచ్చేదని నేను కూడా ఒప్పుకోవాలి.

ఆయన అడిగే నాలుగు మాటల్లోనే సగం రోగాలు తేలిపోయేవి. ఆనందపురం నుంచి ఒకాయన, పది నిమిషాలకే ఆగిపోతోందంటూ జనరేటరును ఆటోలో తెచ్చాడు. దాని మీద ఏమేం నడుపుతున్నావని మేస్త్రి గారు అడిగితే ఫ్రిజ్, నీళ్ల మోటారు, గ్రైండరు, రెండు ఫ్యాన్లు అని గర్వంగా చెప్పాడు. "మేకకి నాగలి కట్టీసి, మేక పనికిరాదంటావేటి బావ?" అని, మూత కూడా విప్పకుండా పంపేశారు.

ప్రతి తుఫానుకూ దుకాణం ముందు క్యూ కట్టే జనరేటర్లన్నిటికీ జబ్బు ఒకటే: ఏడాదిగా ట్యాంకులో నిలవున్న పెట్రోలు. ఆయన ఆ పెట్రోలు సీసాలో పట్టి యజమాని ముక్కు దగ్గర పెట్టేవారు. "వాసన సూడు. నిరుటి సేపల పులుసు నువ్వు తింటావేటి? మరి దానికెందుకు పోత్తన్నావ్?" ఆ మాట విన్నవాడు మళ్లీ అదే జబ్బుతో రావడం నేను చూడలేదు.

అంతటి మనిషి ఇంట్లో, ఆయన పోయిన మర్నాడు ఉదయం తొమ్మిదింటికి కరెంటు పోయింది. సుజాత ఎక్కిన రైలు ఆలస్యంగా నడుస్తోంది. ఎండ ముదురుతోంది. పెట్టె చల్లబడకపోతే పదింటికల్లా ఎత్తేయాల్సిందేనని వీధి పెద్దలు తేల్చారు. అంటే ఆ పిల్లకు తండ్రి ముఖం చివరిసారి చూసే భాగ్యం ఉండదు.

ముగ్గురం గురువుగారి సొంత జనరేటరు బయటికి తెచ్చాం. దాన్ని మామూలు యంత్రంలా నేల మీద పెట్టడానికి మనసొప్పలేదు. పెరట్లో బట్టలుతికే బండను కడిగి, కొత్త తువ్వాలు పరిచి, దాని మీద పెట్టి, బొట్టు పెట్టి, దండ వేశాం. రమణ తాడు లాగాడు. స్టార్ట్ కాలేదు. పదిసార్లు లాగినా కాలేదు.

"ప్లగ్గులో నిప్పు రావట్లేదు బావ. కాయిల్ పోయింది," అన్నాడు రమణ.

"గురువుగారి మిసన్లో కాయిల్ పోద్దేటి? నోరు కడుక్కో," అన్నాడు ఖాదర్. ఆయిలు పుల్ల తీసి చూశాడు, నిండుగా ఉంది. నేను నా ముప్పై రెండు అంశాలను వరుసగా మొదలుపెట్టి, పద్దెనిమిదో దాని దగ్గర కార్బురేటరు విప్పాను. టైము పదికి పది నిమిషాలు.

పైడమ్మ గారు ఏడుపు ఆపి పెరట్లోకి వచ్చారు.

"ఏటర్రా, బండ మీద ఎట్టీసినారేటి దాన్ని? నీళ్లు జారడానికి వాలుగా కట్టించినారు కదా అది! ముప్పయ్యేళ్లు మీ గురువు ఫోన్లో ఒకటే అరుపు, ముందు సమానంగా ఎట్టండ్రా, ఆయిలు ఓ పక్కకి పోతే లోపలున్న సెన్సరు ఇంజన్ని లేవనివ్వదూ అని. నాకే వచ్చీసింది, మీకు రాలేదేటి?"

నిజమే. యంత్రం ఒరిగితే, ఆయిలు లేదనుకుని సెన్సరు నిప్పును ఆపేస్తుంది. ఆ సంగతి నా పట్టికలో లేదు. గౌరవం కొద్దీ మేం ఎత్తులో పెట్టిన యంత్రాన్ని దించి, దండ తీసి, విప్పినవన్నీ బిగించి, చదునైన నేల మీద పెట్టాం. ఒక్క లాగుకు స్టార్ట్ అయింది. పెద్దలు మళ్లీ కుర్చీల్లో కూర్చున్నారు.

సుజాత ఒంటిగంట దాటాక వచ్చింది. తండ్రి ముఖం చూస్తూ చాలాసేపు ఏడ్చింది. తర్వాత పెరటి వైపు చెవి పెట్టి, "అమ్మా, దీన్ని ఎవలు బాగుసేసినారే?" అని అడిగింది.

పైడమ్మ గారు మా వైపు చూడకుండా, "ఇంకెవలు? మీ నాన్నే," అన్నారు.

మేం తలలు వంచుకున్నాం. ఈ ఊళ్లో ఇంజను విప్పగలిగేవాళ్లు వందలమంది ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి. విప్పకుండా చెప్పగలిగిన ఆ ఒక్కరికీ చేతులెత్తి నమస్కరించడం తప్ప ఆయన చోటు ఎలా నింపాలో మాకు తెలియదు.

పెట్టె తెరిచేటప్పుడు రమణ వెళ్లి జనరేటరు ఆపాడు. అది మూడు గంటల నలభై నిమిషాలు నడిచింది.